కుటుంబంతో తెరచాప పడవలో సముద్రం మీదికి: పడవ ఎందుకు పోతుంది, పోతే ఏం చేయాలి

1972 జూన్ 15న రాబర్ట్‌సన్ కుటుంబం పడవ ల్యూసెట్ పసిఫిక్‌లో, గలాపగోస్ దీవులకి పడమరగా మునిగిపోయింది. 43 అడుగుల చెక్క పడవ అది. కింద నుంచి కిల్లర్ వేల్స్ గుద్దితే పలకలు విడిపోయి, నిమిషాల్లో నీళ్లపాలైంది. ఉన్నది ఆరుగురు, అందులో ఇద్దరు కవల పిల్లలు. లైఫ్‌రాఫ్ట్‌లో, అంటే గాలి ఊదుకునే రబ్బరు తెప్పలో, రెండు వారాలు పైచిలుకు నెట్టుకొచ్చారు. అది చిరిగి పనికిరాకుండా పోయాక తొమ్మిదడుగుల చిన్న పడవలోకి మారారు. మొత్తం 38 రోజుల తర్వాత జపాన్ చేపల పడవ ఒకటి చూసి ఎక్కించుకుంది. ఆరుగురూ బతికారు.

మన నెల్లూరు, ఒంగోలు తీరంలో మైపాడు ముందో కొత్తపట్నం ముందో కిల్లర్ వేల్ గుద్దుతుందని ఎవరూ భయపడక్కర్లేదు. మన తీరంలో పడవ పోయే కారణాలు వేరే ఉన్నాయి, అవి చాలా మామూలువి. ఒక అంగుళం కూడా లేని రబ్బరు పైపు ఊడటం, ఫ్యాన్‌కి (ఇంజన్ తిప్పే ప్రొపెల్లర్‌కి) వల చుట్టుకోవడం, పెన్నా వరదలో కొట్టుకొచ్చిన తాటిమొద్దు తగలడం, ఏటి మొగలో, అంటే ఏరు సముద్రంలో కలిసే చోట, పాటు మీద (నీళ్లు వెనక్కి తీసేటప్పుడు) లోపలికి రావాలని చూడటం. సొంతంగా చిన్న తెరచాప పడవ కొనుక్కుని భార్యాపిల్లలతో కృష్ణపట్నం నుంచి అటు చెన్నైకో ఇటు నిజాంపట్నానికో పోవాలని ఉబలాటపడేవాళ్లు ఈమధ్య అక్కడక్కడ కనిపిస్తున్నారు. ఈ పోస్టు వాళ్ల కోసం. తెరచాప ఎలా ఎత్తాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఆ జోలికి పోవడం లేదు.

ముందు లెక్క చూడండి, భయం దానంతటదే సరైన చోటికి వస్తుంది. నీటిమట్టానికి 60 సెంటీమీటర్ల కింద 5 సెంటీమీటర్ల గుండ్రటి చిల్లు పడితే నిమిషానికి దాదాపు 240 లీటర్లు లోపలికి వస్తాయి. గంటకి 14 టన్నుల పైమాటే. అదే లోతులో ముప్పావు అంగుళం పైపు ఊడితే నిమిషానికి 35 లీటర్లు. వినడానికి చిన్నగా ఉంటుంది గానీ అందరూ పడుకున్నాక ఊడితే గంటకి రెండు టన్నులు. చిల్లు వెడల్పు రెట్టింపైతే నీళ్లు నాలుగు రెట్లవుతాయి. లోతు రెట్టింపైతే పెరిగేది 1.4 రెట్లే. అందుకే పడవ అడుగున ఎంత కిందికి ఉందన్నదానికంటే ఎంత పెద్ద చిల్లు అన్నదే ముఖ్యం.

దీనికి ఎదురుగా మన దగ్గర ఉన్నదేమిటి? గంటకి 1100 గ్యాలన్లు అని రాసి ఉన్న కరెంటు పంపు కాగితం మీద నిమిషానికి 70 లీటర్లు తోడుతుంది. అది మీటరు ఎత్తుకి ఎక్కించి, పొడుగు పైపులో తిప్పి, సగం దిగిన బ్యాటరీ మీద నడిస్తే అందులో సగం వస్తే గొప్ప. పది లీటర్ల బకెట్టుతో ఒక బలమైన మనిషి మొదట్లో నిమిషానికి ఎనిమిది, పది బకెట్లు తోడగలడు. ప్రాణభయంతో తోడే మనిషికి మించిన పంపు లేదంటారు, నిజమే, కానీ పది నిమిషాలకి చేతులు పడిపోతాయి. అంటే 5 సెంటీమీటర్ల చిల్లు ముందు పంపూ బకెట్టూ కలిసినా ఓడిపోతాయి. చిల్లు మూయాలి. తోడటం అనేది మూయడానికి టైము సంపాదించుకోవడం కోసం.

ఒక్క మంచి మాట ఉంది. పడవలో నీళ్లు చిల్లు మట్టం దాటి పైకి పెరిగేకొద్దీ లోపలికి వచ్చే వేగం తగ్గుతుంది, ఎందుకంటే అప్పటినుంచి లోపలి మట్టానికీ బయటి మట్టానికీ ఉన్న తేడాయే నీళ్లని తోస్తుంది. పడవ సగం నిండింది కదా ఇక అయిపోయిందని చేతులెత్తేసేవాళ్లు తెలుసుకోవాల్సింది ఇదే. మొదట్లో గెలవని పంపు తర్వాత గెలవచ్చు. అయితే చిక్కేమిటంటే ఆ సమయానికి చిల్లు నీళ్ల కింద ఉండి కనిపించదు, బ్యాటరీలు మునిగి పంపు ఆగిపోతుంది. బ్యాటరీని పడవ అడుగున కాకుండా ఒక మెట్టు పైన బిగించమనేది ఇందుకే.

చిల్లు ఎక్కడ పడుతుంది

గుద్దుకుని పడే చిల్లుల సంగతి అందరికీ తెలుసు. కానీ పడవ కట్టినప్పుడే మనం పెట్టుకున్న చిల్లులు చాలా ఉంటాయి. ఇంజన్ చల్లబరిచే నీళ్ల పైపు, మరుగుదొడ్డి పైపు, సింకు పైపు, ఫ్యాన్ షాఫ్టు బయటికి పోయే చోటు, చుక్కాని కడ్డీ దిగే చోటు. వీటిలో ప్రతి పైపుకీ సీకాక్ అనే అడుగు వాల్వు ఉంటుంది. అది కంచుదై ఉండాలి. ఇత్తడిదైతే ఉప్పునీళ్లలో అందులోని జింకు కొన్నేళ్లకి కరిగిపోయి, మిగిలిన రాగి గుల్లబారుతుంది. చూడటానికి వాల్వు నిక్షేపంగా ఉంటుంది. గోరుతోనో చాకు మొనతోనో పచ్చటి పొర గీకి చూడండి. లోపల బంగారు పసుపు కనిపిస్తే బాగున్నట్టు. గులాబీ రంగు కనిపించి, చాకు దిగబడితే, ఆ వాల్వు చేత్తో తిప్పినప్పుడే విరిగి ఊడొస్తుంది. పడవ ఒడ్డు మీద ఉన్నప్పుడు ఊడితే వెయ్యో రెండువేలో నష్టం.

పైపుని వాల్వుకి బిగించే క్లిప్పులు రెండు ఉండాలి, ఒకటి కాదు. బజార్లో స్టెయిన్‌లెస్ అని అమ్మే క్లిప్పుల్లో చాలావాటికి పట్టీ మాత్రమే స్టెయిన్‌లెస్, స్క్రూ మామూలు ఇనుము. చిన్న అయస్కాంతం జేబులో వేసుకెళ్లండి. స్క్రూకి గట్టిగా అతుక్కుంటే ఆ క్లిప్పు సముద్రానికి పనికిరాదు. పట్టీ మెరుస్తూనే ఉంటుంది, స్క్రూ తుప్పుపట్టి తెగిపోతుంది.

ప్రతి వాల్వు పక్కనే దానికి సరిపోయే మెత్తకొయ్య బిరడా ఒకటి సన్న తాడుతో కట్టి వేలాడదీయాలి. కోసుగా చెక్కిన కొయ్య, గట్టి చెక్క కాదు. మెత్తకొయ్య నీళ్లు తాగి ఉబ్బి ఇంకా బిగుస్తుంది. అన్ని బిరడాలూ ఒక సంచిలో వేసి ఎక్కడో అరలో దాచడం వల్ల లాభం లేదు. చీకట్లో, మోకాలి లోతు నీళ్లలో, ఏడుస్తున్న పిల్లల మధ్య ఆ సంచి వెతకలేరు. చీలిక లాంటి చిల్లు అయితే బిరడా పట్టదు. దిండో చాపో లైఫ్ జాకెట్టో కూరి, మీద ఒక పలక పెట్టి, ఎదురుగా ఉన్న గోడకి తెడ్డు అడ్డం పెట్టి తన్నిపట్టాలి. బయటి నుంచి తెరచాప గుడ్డ ఒకటి చిల్లు మీదికి లాగి తాళ్లతో పడవ చుట్టూ కడితే నీటి ఒత్తిడే దాన్ని అతుక్కునేలా చేస్తుంది. ఇది పాత పద్ధతి, ఇప్పటికీ పనిచేస్తుంది, కాకపోతే పడవ ఆపితే తప్ప గుడ్డ నిలవదు.

మన తీరంలో ఫ్యాన్‌కి వల చుట్టుకోవడం వేరే ఏ ప్రమాదంకంటే ఎక్కువ. రాత్రిళ్లు వల మీద దీపం ఉండొచ్చు, ఉండకపోవచ్చు. జెండా కర్ర ఒకటి కనిపించిందంటే రెండోది ఎక్కడుందో చూసేదాకా మధ్యలోంచి పోకూడదు. చుట్టుకున్నాక ఇంజన్ని వెనక్కీ ముందుకీ తిప్పి విడిపించాలని చూడటం అందరూ చేసే పనే, అదే ముంచుతుంది. నైలాన్ తాడు షాఫ్టు మీద చుట్టలు చుట్టుకుంటూ షాఫ్టుని వెనక్కి లాగుతుంది, ఇంజన్ మౌంట్లు కదులుతాయి, షాఫ్టు బయటికి పోయే చోట సీలు జరిగి నీళ్లు మొదలవుతాయి. ఇంజన్ ఆపి, తాళం చెవి తీసి జేబులో వేసుకుని, నడుముకి తాడు కట్టుకున్న మనిషే దిగి కోయాలి. అల ఎక్కువుంటే దిగకండి, పడవ వెనకభాగం పైకి లేచి నెత్తి మీద పడుతుంది. తెరచాప ఉంది కదా, దాంతో నెమ్మదిగా పోవచ్చు. కోసిన వల ఎవరిదో కనుక్కుని డబ్బు కట్టడం మర్యాద. ఆ వల ఒక ఇంటి తిండి, రేపు మిమ్మల్ని వెతకడానికి వచ్చేదీ ఆ ఇంటివాళ్లే.

మొగల సంగతి

చెన్నై, ఎన్నూరు దాటి ఉత్తరంగా వస్తే నిజాంపట్నం దాకా లోతుగా కీలు (పడవ అడుగున కిందికి దిగి ఉండే బరువైన రెక్క) ఉన్న పడవకి ఏ గాలిలోనైనా నమ్ముకోదగ్గ చోటు ముఖ్యంగా కృష్ణపట్నం. అది పెద్ద ఓడల పోర్టు, వీహెచ్‌ఎఫ్ రేడియోలో పిలిచి పర్మిషన్ తీసుకోకుండా చానల్లోకి దూరకూడదు. బొగ్గు ఓడ గంటకి 15 నాటికల్ మైళ్ల వేగంతో వస్తుంటే ఒక మైలు నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. దాని ముక్కు ముందు కొన్ని వందల మీటర్ల మేర ఓడ నడిపే గదిలో ఉన్నవాళ్లకి నీళ్లే కనిపించవు. ఫైబర్ పడవ రాడార్‌లో సరిగా పడదు కాబట్టి తెరచాప కొయ్య మీద లోహపు రిఫ్లెక్టరు ఎత్తి పెట్టాలి.

మిగతావి చాలావరకు ఇసుక మొగలు. పెన్నా మొగ ఊటుకూరు దగ్గర, ప్రకాశం జిల్లా మూసీ మొగ, గుండ్లకమ్మ మొగ, మన్నేరు మొగ, ఇవన్నీ ఎండాకాలం ఇసుకమేటలు పడి సగం మూసుకుపోతాయి, వరద రాగానే కొత్త చోట తెగుతాయి. పోయినేడు వేసుకున్న జీపీఎస్ ట్రాక్ ఈ ఏడు పనికిరాదు. 2021 నవంబరు వరద తర్వాత పెన్నా కిందిభాగం చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు.

అల ఎంత ఎత్తుందో దానికి సుమారు 1.3 రెట్ల లోతులో విరుగుతుంది. మీటరున్నర అల రెండు మీటర్ల లోతులో విరుగుతుందన్నమాట. మొగ అడ్డంగా ఉన్న ఇసుకమేట మీద లోతు సరిగ్గా అంతే ఉంటుంది. మన దగ్గర పోటుకీ పాటుకీ తేడా పౌర్ణమి, అమావాస్యలకి కూడా మీటరు అటూ ఇటూ మాత్రమే, కాబట్టి పోటు మీద వచ్చినంత మాత్రాన లోతు ఎక్కువ కలిసిరాదు. కలిసొచ్చేది వేరే ఉంది. పాటు మీద ఏరు బయటికి తోస్తుంటే, మధ్యాహ్నం సముద్రపు గాలి అలల్ని లోపలికి తోస్తుంటే, రెండూ గుద్దుకుని అలలు పొట్టిగా, నిటారుగా లేచి విరుగుతాయి. పొద్దున బయటికి వెళ్లినప్పుడు చెరువులా ఉన్న మొగ సాయంత్రం నాలుగింటికి అలా ఉండటానికి కారణం అదే. లోపలికి రావాలంటే పోటు ఇంకా ఎక్కుతుండగా, చివరి గంటలో రావాలి.

విరిగే అల వెనక నుంచి పడవని ఎత్తితే ముక్కు కిందికి దిగుతుంది, నీళ్లలో ముక్కు పట్టేసి వెనకభాగం పక్కకి తిరుగుతుంది, తర్వాతి అలకి పడవ అడ్డంగా దొరుకుతుంది. పల్టీ. ఫైబర్ బోటు నడిపే మన మత్స్యకారులు అల వీపు మీద కూర్చున్నట్టు ఇంజన్ వేగం అలకి కలిపి తెస్తారు, ముందు అలని దాటిపోరు, వెనక అలని అందనివ్వరు. తెరచాప పడవకి ఆ వేగం లేదు. అందుకే కీలు పడవతో మొగలోకి రావద్దు. చీకటి పడితే, అలలు ఉంటే, తీరానికి దూరంగా లోతులోకి వెళ్లి రాత్రంతా అటూ ఇటూ తిరగడం మేలు. పిల్లలు వాంతులు చేసుకుంటున్నారని, ఇంటికి పోదామని ఏడుస్తున్నారని మొగలోకి వచ్చిన పడవలే పోతాయి.

ఏ నెలల్లో పోవచ్చంటే, జనవరి నుంచి మార్చి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యపు గాలి తీరానికేసి తోస్తుంది, పైగా తుపాన్లు. 1989 నవంబరు తుపాను కావలి దగ్గరే తీరం దాటింది. మే నెలలో కూడా తుపాన్లు పుడతాయి. ఎండాకాలం చివర పడమటి వడగాలి తీరం నుంచి బయటికి తోస్తుంది, నీళ్లు తీరం దగ్గర నున్నగా ఉంటాయి కాబట్టి మోసపోతారు. ఇంకొకటి, దక్షిణంగా పోయేవాళ్లు శ్రీహరికోట రాకెట్ ప్రయోగం తేదీ చూసుకోవాలి, ఆ సమయంలో ముందున్న సముద్రం మూసేస్తారు. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్ల అలల అంచనా, వాతావరణ శాఖ హెచ్చరిక రెండూ చూడాలి. పోర్టులో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగరేసి ఉంటే ఇంకేమీ చూడక్కర్లేదు.

దిగాలా, ఉండాలా

1979లో బ్రిటన్ దగ్గరి సముద్రంలో జరిగిన ఫాస్ట్‌నెట్ తెరచాప పడవల పందెంలో తుపానుకి చిక్కిన పడవల్లో 24 పడవల నుంచి మనుషులు దిగిపోయారు. తర్వాత చూస్తే వాటిలో 19 పడవలు తేలుతూనే దొరికాయి. ఆ పందెంలో పోటీదారులు 15 మంది చనిపోయారు, అందులో లైఫ్‌రాఫ్ట్‌ల్లోకి దిగి పోయినవాళ్లూ ఉన్నారు. అప్పటినుంచి వచ్చిన సూత్రం: రాఫ్ట్‌లోకి పైకి ఎక్కాల్సినంతగా పడవ మునిగేదాకా పడవ వదలొద్దు. మంటలు అంటుకుంటే తప్ప.

మన ఫైబర్ బోట్ల విషయంలో ఇది ఇంకా నిజం. వాటిలో ముక్కులోనూ పక్కల్లోనూ థర్మాకోల్ నింపి మూసేస్తారు. వెయ్యి కిలోల ఫైబర్ బాడీ పూర్తిగా మునిగితే నీళ్లలో దాని బరువు 340 కిలోల దాకా ఉంటుంది, ఇంజన్‌తో కలిపి 420 అనుకోండి. అర క్యూబిక్ మీటరు థర్మాకోల్ ఉంటే అది మునగదు, పట్టుకుని వేలాడే మనుషుల కోసం ఇంకో పావు క్యూబిక్ మీటరు ఉంటే మంచిది. అయితే థర్మాకోల్‌కి పెట్రోలు శత్రువు. తగిలితే కరిగిపోతుంది. ట్యాంకు పక్క అరలో పెట్రోలు కారిన పాత బోటులో మూత తీసి చూస్తే సగం ఖాళీగా ఉండొచ్చు. మునిగేదాకా ఎవరికీ తెలియదు. సీసం కీలు ఉన్న తెరచాప పడవ సంగతి వేరు, నిండితే రాయిలా పోతుంది, దానికి లైఫ్‌రాఫ్ట్ తప్పదు.

బోర్లాపడ్డ బోటు మీద ఉండగా ఒడ్డు కనిపిస్తుంది. తాటిచెట్లు కూడా లెక్కపెట్టొచ్చు. ఈదిపోదామనిపిస్తుంది. వద్దు. నీళ్లలో ఉన్న కంటికి దూరం తక్కువగా కనిపిస్తుంది, తీరం వెంబడి ప్రవాహం పక్కకి లాగుతుంది, వెతికేవాళ్లకి మనిషి తల కంటే బోటు అడుగు వంద రెట్లు సులువుగా కనిపిస్తుంది.

లైఫ్‌రాఫ్ట్ వాడకంలో జరిగే తప్పు ఒక్కటే, పదే పదే. దాని తాడు పడవకి కట్టకుండా నీళ్లలో వేయడం. తాడు ముందు గట్టి కొక్కేనికి కట్టాలి, తర్వాత డబ్బా గాలి వాలున్న వైపు నీళ్లలోకి తోయాలి, తర్వాత తాడు మొత్తం బయటికి వచ్చేదాకా లాగి గట్టిగా గుంజాలి. ఆ తాడు చాలా మీటర్లు ఉంటుంది, రెండు బారలు లాగి పేలలేదే అనుకుని భయపడొద్దు. ఊదుకున్నాక ముందు ఒక పెద్దవాళ్లు ఎక్కాలి, తర్వాత పిల్లలు, చివర ఇంకో పెద్దవాళ్లు. పిల్లల్ని ముందు పంపిస్తే రాఫ్ట్‌లో వాళ్లని పట్టుకునేవాళ్లు ఉండరు. నీళ్లలోకి దూకి ఎక్కొద్దు, పడవ మీద నుంచే అడుగు వేయాలి. తడిసిన మనిషిని రాఫ్ట్‌లోకి లాగడం ఇద్దరికి కూడా కష్టం.

ఒంటి మీద, సంచిలో

పెద్దవాళ్ల లైఫ్ జాకెట్టు 150 న్యూటన్లది (మనిషిని తేల్చే బలం లెక్క అది) ఉండాలి. స్పృహ లేకపోయినా ముఖం పైకి తిప్పేది అదే. 50 న్యూటన్లవి చెరువులో ఆడుకోవడానికి. గాలి ఊదుకునే రకానికి లోపల చిన్న సిలిండరు ఉంటుంది, సాధారణంగా 33 గ్రాముల గ్యాసుది. దాని మీద మొత్తం బరువు చెక్కి ఉంటుంది. వంటింటి డిజిటల్ త్రాసులో పెట్టి చూడండి, రెండు గ్రాములు తగ్గినా మార్చేయండి. మరమీద బిగుతు కూడా చూడాలి, ఊగిసలాటకి అది వదులవుతుంది.

పిల్లల జాకెట్టు స్కూలు యూనిఫాంలా వచ్చే ఏడాదికి కూడా సరిపోయేలా కొనకూడదు. వేసి, భుజాల దగ్గర పట్టుకుని పైకి ఎత్తండి. చెవుల దాకా లేస్తే అది నీళ్లలో ముఖం మీదికి వస్తుంది. కాళ్ల మధ్య నుంచి పోయే పట్టీ లేని జాకెట్టు పిల్లలకి వద్దు. కొన్న వెంటనే ఈతకొలనులో వేసి దింపాలి. మొదటిసారి నీళ్లలో ఊదుకున్న జాకెట్టు మెడ చుట్టూ బిగిస్తే పిల్లలు బెంబేలెత్తి విప్పేయాలని చూస్తారు. ఆ భయం కొలనులోనే తీరాలి. జాకెట్టుకి విజిల్ కట్టి ఉండాలి, ప్రతి పిల్లకీ ఒక పెద్ద మనిషి ముందే ఖాయమై ఉండాలి. "అందరం చూసుకుందాంలే" అన్న చోట ఎవరూ చూడరు.

సంచిలో నీళ్లు అన్నిటికంటే ముందు. ముప్పావు వంతే నింపిన డబ్బాలు, అవి నీళ్లలో తేలుతాయి. ఎరుపు చేతి మంటలు ఒక్కొక్కటి నిమిషం వెలుగుతాయి, ఆకాశంలోకి వెళ్లే పారాచూట్ రాకెట్ 40 సెకన్లు, నారింజ పొగ మూడు నిమిషాలు. వీటిని ఓడ కనిపించగానే కాదు, అది మీ వైపు వస్తున్నప్పుడు వాడాలి. 1973లో బెయిలీ దంపతులు పసిఫిక్‌లోనే పడవ పోగొట్టుకుని 117 రోజులు తేలారు, ఏడు ఓడలు వాళ్లని చూడకుండా దాటిపోయాయి. ఎనిమిదోది కొరియా చేపల ఓడ. పగలు అద్దం ముక్క ఒకటి రాకెట్ కంటే మంచిది, ఎన్నిసార్లయినా వాడొచ్చు. చేతి వీహెచ్‌ఎఫ్, టార్చి, చాకు, పెద్ద పాలిథిన్ షీటు, టోపీలు, పొడుగు చేతుల చొక్కాలు, వాంతి మాత్రలు. రాఫ్ట్ ఊగుడికి నావికులు కూడా వాంతులు చేసుకుంటారు, ఒంట్లో నీళ్లు పోయేది ముందు అలాగే. మాత్ర ఎక్కిన వెంటనే వేసుకోవాలి.

శాటిలైట్ ఫోను విదేశాల నుంచి తెచ్చి పెట్టుకుందామనుకోవద్దు. లైసెన్సు లేకుండా మన దేశంలో అది నేరం. దానికి బదులు 406 మెగాహెర్ట్జ్ ఈపర్బ్ (ప్రమాదంలో ఉన్నామని శాటిలైట్‌కి సంకేతం పంపే పరికరం) కొని, బెంగళూరులో ఇస్రో మిషన్ కంట్రోల్ సెంటర్లో రిజిస్టరు చేయించండి. రిజిస్టరు కాని ఈపర్బ్ మోగితే అది ఎవరిదో, నిజమో కాదో తేల్చుకోవడానికే టైము పోతుంది. మోగించాక ఆర్పొద్దు. బ్యాటరీ పొదుపు చేద్దామని గంటకొకసారి వేసి ఆర్పడం అతి తెలివి. మొబైలు తీరానికి పది, పదిహేను కిలోమీటర్లు దాటితే నమ్మొద్దు, అందితే మాత్రం 1554కి చేయండి, అది కోస్ట్ గార్డు. వీహెచ్‌ఎఫ్ 16వ చానల్లో మేడే (ప్రాణాపాయంలో ఉన్నామనే పిలుపు) అని మూడుసార్లు, పడవ పేరు మూడుసార్లు, అక్షాంశం, రేఖాంశం, ఏం జరిగింది, ఎంతమంది, పిల్లలెందరు. స్థానం ముందు చెప్పండి, సగంలో రేడియో పోయినా అది చేరి ఉంటుంది. చుట్టుపక్కల ఫైబర్ బోట్లలో చాలావాటికి వీహెచ్‌ఎఫ్ ఉండదు. వాళ్లకి కేక, విజిల్, ఊపే చొక్కా. "అన్నా, పిల్లకాయలున్నారు, నీళ్లొస్తున్నాయి" అని అరిస్తే చాలు, అర్థం కాని మనిషి ఈ తీరంలో లేడు.

రాఫ్ట్‌లో నీళ్లు

బంగాళాఖాతం గోరువెచ్చగా ఉంటుంది కాబట్టి చలికి గడ్డకట్టే ప్రమాదం లేదు, కానీ తడిబట్టలతో రాత్రి గాలిలో పిల్లలు వణికిపోతారు, ఒకరినొకరు కరుచుకుని కూర్చోవాలి. పగలు చంపేది ఎండ. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు మొదటి 24 గంటలు నీళ్లు తాగకుండా ఉండొచ్చు, తర్వాత రోజుకి అరలీటరు కనీసం. పిల్లలకీ దెబ్బతగిలినవాళ్లకీ ఈ లెక్క వర్తించదు, వాళ్లకి మొదటి రోజు నుంచే ఇవ్వాలి. సముద్రపు నీళ్లు గుక్కెడు కూడా వద్దు. అందులో ఉప్పు మూడు శాతం పైన, మన మూత్రపిండాలు బయటికి పంపగలిగేది రెండు శాతం దరిదాపుల్లో. తాగిన దానికంటే ఎక్కువ నీళ్లు ఒంట్లోంచే పోతాయి. నీళ్లు లేనప్పుడు చేప దొరికినా తినొద్దు, మాంసకృత్తులు అరగడానికీ నీళ్లు కావాలి. వాన వస్తే షీటు మీద మొదటి నిమిషాల నీళ్లు ఉప్పు కడగడానికి వదిలేసి తర్వాత పట్టాలి. రాబర్ట్‌సన్ భార్య నర్సు. తాబేలు రక్తంతో కలిసి పాడైన వాననీళ్లు తాగితే వాంతి అవుతుందని ఎనిమా పద్ధతిలో ఎక్కించింది. ఒళ్లు ఆ దారిన నీళ్లు పీల్చుకుంటుంది, పాడు రుచి అడ్డు రాదు. అది ఉప్పునీళ్లతో చేయకూడదని వేరే చెప్పాలా.

కొట్టుకుపోయే దిక్కు తెలిస్తే ఒడ్డున ఉన్న బంధువులు ఎక్కడ వెతకమని అడగాలో తెలుస్తుంది. మన తీరం వెంబడి ప్రవాహం ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరంగా, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణంగా పోతుంది. మార్చిలో రామాయపట్నం ముందు పోయిన పడవ కోసం బాపట్ల వైపు చూడాలి, నవంబరులో పోయినదాని కోసం మైపాడు, పులికాట్ వైపు. జాకెట్టుతో ఉన్న మనిషి ప్రవాహంతోనే పోతాడు, లైఫ్‌రాఫ్ట్ గాలికి కూడా కొట్టుకుపోతుంది, నీళ్లలోకి జారవిడిచిన గుడ్డ లంగరు ఉంటే తక్కువ. అందుకని ఇద్దరూ ఒకే చోట నుంచి బయల్దేరినా రేపటికి మైళ్ల దూరంలో ఉంటారు. ఇన్‌కాయిస్ దగ్గర సరాట్ అని ఒక పద్ధతి ఉంది, పోయింది మనిషా, రాఫ్టా, బోటా అని చెప్తే ఎక్కడికి కొట్టుకుపోయి ఉంటుందో లెక్కకట్టి చూపిస్తుంది. కోస్ట్ గార్డు అడిగే మొదటి ప్రశ్నలు కూడా అవే, కాబట్టి బయల్దేరేముందు ఇంట్లో ఒక కాగితం మీద పడవ రంగు, పొడవు, ఎంతమంది, ఎవరెవరు, రాఫ్ట్ రంగు, ఎప్పటికి తిరిగి రాకపోతే ఫోన్ చేయాలో రాసి పెట్టి రావాలి. ఆ చివరి గంట ఎప్పుడో రాయని కాగితం దండగ, ఇంట్లోవాళ్లు "ఇంకాసేపు చూద్దాం" అనే తెల్లారేదాకా గడిపేస్తారు.

ఒడ్డున పడ్డాక చేయాల్సినవి కొన్ని మిగులుతాయి. ఈపర్బ్ ఆర్పి, ఆర్పామని కోస్ట్ గార్డుకి చెప్పాలి, లేకపోతే మీకోసం హెలికాప్టర్ ఇంకా తిరుగుతూ ఉంటుంది. పడవ పూర్తిగా మునగలేదంటే, చివరిసారి ఎక్కడ చూశారో మెరైన్ పోలీస్ స్టేషన్లోనూ పోర్టులోనూ రాసివ్వాలి, రాత్రిపూట వేరే బోటు దానికి గుద్దుకోకుండా. నీళ్లలోతు తక్కువ చోట మునిగితే చుట్టుపక్కల కుప్పాల్లో (మత్స్యకారుల ఊళ్లలో) కూడా చెప్పాలి, వలలు దానికి తగిలి చిరుగుతాయి. ఇన్సూరెన్సు వాళ్లు వాల్వులు, క్లిప్పులు, రాఫ్ట్ సర్వీసు రసీదులు అడుగుతారు. ఆ కాగితాల ఫొటోలు బయల్దేరేముందే ఒడ్డున ఉన్నవాళ్ల ఫోనులో ఉండాలి, అసలు కాగితాలు పడవతో పాటే పోతాయి.